చిన్నబజారు పాత పుస్తకాల అంగడి, అక్కడ దొరికిన యుద్ధకాలపు లేడీస్ పత్రికల కట్ట: ఒక టైలరమ్మ రివ్యూ

నెల్లూరు చిన్నబజారు లోపలి సందుల్లో పాత పేపర్లూ పుస్తకాలూ కొని అమ్మే అంగడి ఒకటుంది. బోర్డు లేదు. తూకం కాటా బయట, పుస్తకాలు లోపల. నేను స్టోన్‌హౌస్‌పేటలో లేడీస్ టైలరింగ్ నడుపుతాను. పాత డిజైన్ పుస్తకాల కోసం అక్కడికి పోతుంటాను. ఈసారి రెండో ప్రపంచ యుద్ధం రోజులవీ, ఆ వెంటనే వచ్చినవీ, 1942 నుంచి 1947 దాకా అమెరికా, ఇంగ్లండు ఆడవాళ్ల పత్రికల కట్ట ఒకటి తెచ్చుకున్నాను. మూడు వేలు చెప్పాడు, పద్దెనిమిది వందలకి ఇచ్చాడు. అంగడికి ఐదుకి మూడు మార్కులు. కట్టకి నాలుగున్నర, ఆ తగ్గిన అర మార్కు చెదలకి. ఎందుకో చెప్తాను.

ముందు అంగడి సంగతి. లోపలికి పోవాలంటే పక్కకి తిరిగి పోవాలి, నాలాంటి లావు మనుషులకి కష్టమే. ఎడమ పక్క ఎంసెట్ గైడ్లు, కుడి పక్క వారపత్రికల్లోంచి చించి కుట్టిన సీరియల్ నవలలు. అసలు సరుకు వెనకాల రేకుల కింద ఉంటుంది. 2015 నవంబరు వానలకి ఆ రేకుల కిందికి నీళ్లొచ్చి సగం సరుకు ముద్దయిపోయిందని ఆయనే చెప్పాడు. మిగిలిన సగానికి ఇప్పటికీ ఆ వాసన పోలేదు. కలరా ఉండలు వేస్తాడు గానీ రామబాణం పురుగులు వాటిని లెక్క చేసేట్టు లేవు. ఫ్యాను లేదు. ఉదయం పదకొండు లోపల పోతే ఆయన తీరిగ్గా ఉంటాడు, చెమట కూడా తక్కువ పడుతుంది.

ఆయన ధర చెప్పే పద్ధతి వేరే. తెలుగు పుస్తకాన్ని పేజీలు చూసి, ఇంగ్లీషు దాన్ని బొమ్మలు చూసి చెప్తాడు. రంగు బొమ్మ ఉంటే రేటు రెట్టింపు. "అక్కా, దీంట్లో దొరసాని బొమ్మలు చూడు ఎంత నీటుగా ఉన్నాయో" అని కట్ట పైతాడు విప్పాడు. రెండో తాడు విప్పమంటే మాత్రం విప్పడు. "కొన్నాక విప్పుకో అక్కా, నలిగిపోతాయి" అంటాడు. ఇది నాకు నచ్చని సంగతి. చీర మడత విప్పకుండా కొనమన్నట్టుంది. అడుగున ఏముందో తెలీకుండానే డబ్బులిచ్చాను. అదృష్టం కొద్దీ మంచి సరుకే తగిలింది.

నెల్లూరులో ఇవి ఎట్లా దొరికాయని మా కోడలు అడిగింది. ఈ ఊరి సంగతి తెలిసినవాళ్లకి ఇందులో వింత లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు 1840లోనే నెల్లూరు చేరారు. ఒంగోలు, రామాయపట్నం, కావలి అన్నీ తర్వాత వాళ్లు పాతుకున్న ఊళ్లే. నెల్లూరులో ఆడవాళ్ల ఆసుపత్రి పెట్టింది కూడా వాళ్లే. డాక్టరమ్మలు, టీచరమ్మలు, పాస్టర్ల భార్యలు దశాబ్దాల తరబడి ఇక్కడ కాపరం ఉన్నారు. వాళ్లకి సొంత దేశం నుంచి ఓడలో పత్రికలు వచ్చేవి. బంగళాలు ఖాళీ అయినప్పుడల్లా ఆ కాగితం కాటాకే కదా ఎక్కేది. ఈ కట్ట ఏ బంగళాదో అంగడాయనకి తెలీదు. అటక మీది ట్రంకుపెట్టెలో ఉన్నాయని మాత్రం చెప్పాడు.

కట్టలో లేడీస్ హోమ్ జర్నల్, మెకాల్స్, ఇంగ్లండు వాళ్ల ఉమన్స్ వీక్లీ, ఉమన్స్ ఓన్ ఉన్నాయి. అట్టలు పోయి పేరే తెలీనివి కొన్ని. మధ్యలో దుస్తుల ప్యాటర్న్ కవర్లు నాలుగైదు. అమెరికావి మందంగా, పెద్ద సైజులో, నున్నటి కాగితం మీద ఉన్నాయి. ఇంగ్లండువి పల్చగా, పెళ్లిపత్రికంత బరువు కూడా లేవు. యుద్ధంలో అక్కడ కాగితానికి కూడా రేషనే. ఉన్న పేజీల్లోనే వంట, కుట్టు, అల్లిక, కథ, ఉత్తరాల జవాబులు ఇరికించేవాళ్లు. చదివాక పక్కింటావిడకివ్వండి అని చెప్పేవాళ్లు. మన కాలనీల్లో వారపత్రిక ఇల్లిల్లూ తిరిగినట్టే.

నేను కొన్నది బట్టల బొమ్మల కోసం. కానీ పేజీలు తిప్పే కొద్దీ బట్టల వెనక ఉన్న మనిషి మీదికే ధ్యాస పోయింది. కొలతలు చూసీ చూసీ అలవాటైపోయిన కన్ను నాది. బొమ్మ చూస్తే గుడ్డ ఎంత పట్టింది, ఎక్కడ మిగుల్చుకున్నారు అన్నది ముందు కనబడుతుంది. 1942 బొమ్మల్లో లంగాల ఘేరా, అంటే కింది చుట్టుకొలత, సన్నబడిపోయింది. అది ఫ్యాషన్ అనుకుంటాం. కాదు, సర్కారు ఆర్డరు. ఆ ఏడు ఏప్రిల్లో అమెరికా యుద్ధ ఉత్పత్తి బోర్డు ఎల్-85 అనే ఉత్తర్వు ఇచ్చింది. లంగా అంచు మడత రెండు అంగుళాలకి మించకూడదు, ఘేరాకి ఇంతే అని హద్దు. పెళ్లి గౌన్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. యుద్ధమొచ్చినా పెళ్లికూతురి గుడ్డ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు, అది అమెరికా అయినా అల్లూరయినా!

ఇంగ్లండులో ఇంకా గట్టిగా పట్టారు. 1941 జూన్ 1 నుంచి బట్టలకి కూపన్లు. మొదటి ఏడాది మనిషికి 66. ఉన్ని గౌనొకటి కొంటే 11 కూపన్లు పోతాయి. మరుసటి ఏడాది కుట్టేవాళ్ల మీద ఆంక్షలు వచ్చాయి. గౌనుకి జేబులు రెండు మించకూడదు, గుండీలు అయిదు, లంగాలో జోడింపు కుట్లు ఆరు, కత్తి మడతలయితే నాలుగు. వీటిని చదివి నా అంగట్లో వేలాడుతున్న పెళ్లి జాకెట్టు ఒకటి చూశాను. వీపు మీదే గుండీలు పదకొండు, అందులో ఒక్కటీ విప్పడానికి కాదు, అన్నీ అందానికే. వెనక హుక్కులు వేరే. లండన్లో అయితే ఆ జాకెట్టుకి నన్ను స్టేషనుకి పిలిచేవాళ్లు.

ఈ ఆంక్షల్ని సర్కారు తన నోటితో చెప్పి ఊరుకుంటే ఎవరూ వినేవాళ్లు కాదు. పత్రికలతో చెప్పించింది. చెప్పించిన తీరే ఈ కట్టలో నాకు బాగా నచ్చిన, బాగా మండిన సంగతి. పత్రిక ఆజ్ఞ ఇవ్వదు. పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, 'నీలాంటి మంచి ఇల్లాలు ఇట్లా చేస్తుంది' అంటుంది. పాత కోటు తిరగేసి కుట్టుకోవడం, దుప్పట్లోంచి పిల్లకి గౌను తీయడం, చిరిగిన మేజోడుకి రఫ్ఫు చేయడం, ఇవన్నీ అంతకు ముందు లేనివాళ్లు చేసే పనులు. వాటికే పరువు తెచ్చిపెట్టారు. 1943లో ఇంగ్లండు ప్రభుత్వం 'మేక్ డూ అండ్ మెండ్' పేరుతో చిన్న పుస్తకమే వేసింది. కొత్త గౌను తొడుక్కుని వీధిలోకి వస్తే సిగ్గుపడే రోజులు తెచ్చారు. ఇంకోవైపు అదే పత్రికలో నాలుగు పేజీల తర్వాత, నీ అందం చూసుకోవడం నీ కర్తవ్యం, నువ్వు చింపిరిగా కనబడితే సెలవు మీద ఇంటికొచ్చిన సిపాయి మనసు కుంగిపోతుంది అని. గుడ్డ లేదు, సబ్బుకి రేషను, పౌడరు దొరకదు, అయినా అందంగా ఉండాలి. మేజోళ్లు లేకపోతే కాళ్ల మీద వెనకాల పెన్సిలుతో కుట్టు గీత గీసుకునేవాళ్లట. నైలాను మొత్తం పారాచూట్లకి పోయింది మరి.

అమెరికా పత్రికల్లో ఇది ఇంకా పెద్ద ఎత్తున సాగింది. అక్కడ 1942లో ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ అని ఒక సర్కారీ శాఖ పెట్టి, దాంట్లో పత్రికల కోసమే ఒక విభాగం తెరిచారు. మ్యాగజైన్ వార్ గైడ్ అని సంపాదకులకి పంపేవాళ్లు. రాబోయే నెలల్లో దేశానికి ఏం కావాలో అందులో ఉండేది. నర్సులు కావాలి, ఫ్యాక్టరీకి మనుషులు కావాలి, వంట కొవ్వు దాచి ఇవ్వాలి, ఇట్లా. దాన్ని చూసుకుని కథల్లో నాయికలకి ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు. అంటే కథ రాసేవాడికి కూడా కొలత ముందే వచ్చేసిందన్న మాట. 1943 సెప్టెంబరులో అయితే దేశంలోని పత్రికలు కలిసికట్టుగా అట్టల మీద పనిచేసే ఆడవాళ్ల బొమ్మలు వేశాయి. ఎంత ఎక్కువమంది ఆడవాళ్లు పనిలోకొస్తే అంత త్వరగా గెలుస్తాం అన్నది అప్పటి నినాదం. ఇప్పుడు కాఫీ కప్పుల మీద, టీషర్టుల మీద కనబడుతుందే, తలకి ఎర్ర గుడ్డ కట్టి కండ చూపించే అమ్మాయి, ఆ పోస్టరు అప్పట్లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ గోడల మీద కొన్నాళ్లుండి పోయింది. దానికి పేరొచ్చింది 1980లలో. ఆనాటి ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చూసింది ఇదిగో, ఈ పత్రికల అట్టల్ని.

ఒక ప్రకటన గురించి చెప్పకుండా ఉండలేను. పాండ్స్ వాళ్లది. మన మొహాలకి రాసుకునే ఆ పాండ్సే. ఒక అందమైన పిల్ల ఫోటో, వేలికి నిశ్చితార్థపు ఉంగరం, పక్కనే ఆ పిల్ల యుద్ధానికి చేస్తున్న పని. 'షీ ఈజ్ ఎంగేజ్డ్, షీ ఈజ్ లవ్లీ, షీ యూజెస్ పాండ్స్' అన్నది దాని మకుటం. ఒక్క పేజీలో పెళ్లి, దేశం, క్రీము మూడూ కలిపి కుట్టేశారు. జోడింపు కనబడకుండా కుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆ పనితనానికి దండం పెట్టాను. 1943లో టాంజీ అనే లిప్‌స్టిక్ వాళ్లు 'యుద్ధం, మహిళలు, లిప్‌స్టిక్' అని పెద్ద వ్యాసంలాంటి ప్రకటన వేశారు. లిప్‌స్టిక్ యుద్ధం గెలిపించదు గానీ, మనం దేనికోసం పోరాడుతున్నామో దానికి అది గుర్తు అన్న ధోరణి. మగవాళ్లు దేనికోసమో చస్తుంటే, అది నా పెదవి రంగు కోసమని నాకే అమ్మడం! తెలివి ఎవడబ్బ సొమ్ము.

జుట్టు సంగతి కూడా ఇట్లాంటిదే. ఫ్యాక్టరీ యంత్రాల్లో ఆడవాళ్ల జుట్టు చిక్కుకుని ప్రమాదాలు జరిగేవి. టోపీ పెట్టుకోండి, ముడేసుకోండి అని మేనేజర్లు మొత్తుకున్నా వినలేదు. బ్రిటిష్ సర్కారు వోగ్ పత్రిక వాళ్ల సాయం అడిగింది. పొట్టి జుట్టే ఇప్పటి ఫ్యాషన్ అని వాళ్లు బొమ్మలు వేశారు. అమెరికాలో వెరోనికా లేక్ అనే సినిమా నటి ఒక కన్ను మూసేట్టు జుట్టు వదిలేది, అందరూ అట్లాగే వదిలేవాళ్లు. ఆమె చేత జుట్టు పైకి కట్టించి చూపించారు. నా దగ్గర పనిచేసే పిలకాయలకి మోటారు మిషను దగ్గర చున్నీ ముడేసుకోమని రోజూ అరుస్తాను. ఒక్కటీ వినదు. ఒక హీరోయిన్ చెప్తే వింటాయేమో.

ఈ పత్రికల్లోని ఆడమనిషి ఎవరో కూడా చూడాలి. కట్ట మొత్తం తిప్పాను. రివిట్లు కొట్టేది, నర్సు, సైనికుడి కోసం స్టేషన్లో ఎదురుచూసేది, అందరూ తెల్లవాళ్లే. నల్లజాతి మనిషి కనబడింది ఆంట్ జమైమా పాన్‌కేక్ పిండి ప్రకటనలో, తలకి గుడ్డ కట్టుకుని, నవ్వుతూ, వడ్డిస్తూ. ఫ్యాక్టరీల్లో నల్లజాతి ఆడవాళ్లు లక్షల్లో పనిచేసిన కాలం అది.

ఉత్తరాల జవాబుల పేజీ నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంగ్లండులో ఉమన్ అనే పత్రికలో ఎవ్‌లిన్ హోమ్ పేరుతో పెగ్గీ మేకిన్స్ ఏళ్ల తరబడి ఈ పేజీ నడిపింది. యుద్ధంలో భర్త మూడేళ్లుగా ఏ ఎడారిలోనో ఉంటాడు, ఇక్కడ ఈవిడకి ఇంకెవరో నచ్చుతారు. ఏం చెయ్యాలి అని రాస్తారు. ఇట్లాంటి పేజీల్లో జవాబులన్నీ ఒక దిక్కుకే పోతాయి. ఓర్చుకో, చెప్పకు, అతనికి సంతోషమైన ఉత్తరాలే రాయి. ఇంటి గోల రాస్తే అతని ధైర్యం చెడుతుంది. బాంబు పడి పై కప్పు ఎగిరిపోయినా 'ఇక్కడ అంతా క్షేమం' అని రాయాలన్న మాట. ఇది చదువుతుంటే దుబాయి, కువైట్ పోయిన మొగుళ్లకి మన ఊళ్ల ఆడవాళ్లు ఫోన్లో మాట్లాడే మాటలే వినబడ్డాయి. కడుపులో నొప్పి పెట్టుకుని 'బాగున్నామయ్యా, నువ్వు తిన్నావా' అనడం. దానికి ఏ పత్రికా నేర్పక్కర్లేదు.

ఇక కట్ట అడుగున ఉన్నవి, 1946, 47వి. రెండో తాడు కింద ఇవే ఉన్నాయి. అవే పత్రికల పేర్లు, అదే అక్షరాల తీరు. లోపల మనిషి మారిపోయింది. ఓవరాల్ తీసేసి ఏప్రను కట్టుకుంది. ఫ్రిజ్జు ప్రకటన, కొత్త ఇంటి ప్లాను, భర్త యుద్ధం నుంచి వచ్చాక అతన్ని ఎట్లా నొప్పించకుండా చూసుకోవాలి, పిల్లలు, కేకులు. అమెరికాలో 1940లో దాదాపు కోటీ ఇరవై లక్షల మంది ఆడవాళ్లు ఉద్యోగాల్లో ఉంటే యుద్ధం చివరికి సుమారు కోటీ తొంభై లక్షలయ్యారు. వాళ్లు పనికి పోతే పిల్లల్ని చూసుకోడానికి పెట్టిన కేంద్రాలు 1946లో మూతబడ్డాయి. మగవాళ్లు తిరిగొచ్చారు, కుర్చీలు ఖాళీ చెయ్యాలి. ఖాళీ చెయ్యమని కూడా పత్రిక చెప్పలేదు. నువ్వు ఎప్పటి నుంచో కోరుకుంటున్నది ఈ ఇల్లే కదా అంది. 1947 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో డియోర్ అనే ఫ్యాషన్ డిజైనరు కొత్త బట్టలు చూపించాడు, నడుము పిడికిలంత, లంగా గజాలకి గజాలు. ఇంగ్లండులో అప్పటికింకా కూపన్లు ఉన్నాయి. అవి పూర్తిగా పోయింది 1949లో. అయినా పత్రికలన్నీ ఆ బొమ్మలే.

నా పనిలో పెరిగే పిల్లకి జాకెట్టు కుట్టేటప్పుడు లోపల రెండంగుళాలు వదులుతాం. రేపు లావయితే విప్పి వదలొచ్చు, సన్నబడితే పట్టొచ్చు. బయటికి కుట్టు గీత కూడా కనబడదు. ఈ పత్రికలకి ఆడమనిషి ఆ లోపల వదిలిన గుడ్డ లాంటిది. అవసరమైతే వదిలారు, అయిపోయాక పట్టేశారు. తేడా ఏమంటే, నేను పట్టీ విప్పే ముందు ఆ పిల్లని అడిగి కొలత తీసుకుంటాను.

ఇంగ్లండు, అమెరికాలే ఇట్లా అనుకోకండి. మా కోడలు ఇంటర్నెట్‌లో వెతికి జర్మనీ పత్రిక ఒకటి చూపించింది, ఎన్.ఎస్. ఫ్రావెన్ వార్తె అని, నాజీ పార్టీ వాళ్లది. దాంట్లో కూడా గౌన్ల ప్యాటర్న్‌లు ఇచ్చేవాళ్లు. విషం, కొలతలు ఒకే కవర్లో. నలుగురు పిల్లలకి కంచు పతకం, ఆరుగురికి వెండి, ఎనిమిది మందికి బంగారం అని 1938లో అక్కడి సర్కారు తల్లులకి పతకాలు పెట్టింది. జపానులో 1917 నుంచి వస్తున్న షుఫు నో తొమో అనే ఇల్లాళ్ల పత్రిక యుద్ధకాలమంతా నడిచింది. కిమోనో మాని మొన్‌పె అనే వదులు ప్యాంటు తొడగడం, అన్నం మధ్యలో ఊరవేసిన పండొకటి పెట్టి జెండా బొమ్మలా సర్దిన డబ్బా, ఇవే అప్పటి జపాను మంచి ఇల్లాలి లక్షణాలు. ఆ పండు బొమ్మ చూసి మా పనిపిల్ల 'మన పచ్చడి అన్నమే కదక్కా' అంది.

తెలుగు పత్రికలు ఉన్నాయా అని అడిగితే వెనక నుంచి గృహలక్ష్మి సంచికలు రెండు తీశాడు. ముందు పేజీలు పోయాయి, తేదీ కనబడలేదు. ఒక్కోటి అయిదొందలు చెప్పాడు. బేరం ఆడితే లోపల పెట్టేశాడు. ఇది మన ప్రకాశం జిల్లా మనిషి పెట్టిన పత్రిక. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరులో పుట్టిన కె.ఎన్. కేసరి, చిన్నతనంలోనే మద్రాసు పోయి వైద్యం నేర్చి కేసరి కుటీరం పెట్టాడు. ఆడవాళ్ల మందు లోధ్రతో డబ్బు సంపాదించి, 1928లో ఆడవాళ్ల కోసమే గృహలక్ష్మి మొదలుపెట్టాడు. 1934 నుంచి రచయిత్రులకి స్వర్ణకంకణం తొడిగాడు. మొదటిది మా పక్క బాపట్ల ఆవిడకే, కనుపర్తి వరలక్ష్మమ్మకి. లోధ్ర సీసా బొమ్మ, కథ, వంట, దేశభక్తి అన్నీ ఒకే చోట. మందు అమ్మేవాడే పత్రిక నడపడం చూసి నవ్వుకున్నా గానీ, పాండ్స్ పేజీ చూశాక ఈయన ఎంతో నయమనిపించింది. ఆడది రాస్తే బంగారం తొడుగుతాను అన్నవాడు ఇంకొకడు కనబడలేదు నాకు. పేరులోనే గృహం, లక్ష్మి రెండూ ఉన్నా, లోపల రాసినవాళ్లు గడప దాటినవాళ్లే. 1940లలో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభ తరఫున ఆంధ్ర మహిళ పత్రిక నడిపింది. ఆమె అదే సభలో ఆడపిల్లల్ని మెట్రిక్ పరీక్షలకి కూర్చోబెట్టింది కూడా.

మన దగ్గర యుద్ధం కథే వేరు. ఆ యుద్ధం మనది కాదు, జైళ్లలో ఉన్నవాళ్లు మనవాళ్లు. అయినా తప్పించుకోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్లు విశాఖ, కాకినాడల మీద బాంబులేశారు. ఆ నెలలోనే పనిలేనివాళ్లు ఊరు వదలండని మద్రాసులో చెప్పారు. రైళ్లు నిండి ఇటు నెల్లూరు, ఒంగోలు వైపు జనం వచ్చిపడ్డారు. బర్మా బియ్యం ఆగిపోయింది. గుడ్డకి కంట్రోలు వచ్చింది. చెన్నపట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఇంటినిండా ఉంటే, ఉన్న చీరలే నలుగురూ మార్చి కట్టుకున్నారని మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడకి చదువు రాదు, మేక్ డూ అండ్ మెండ్ పుస్తకం ఎవరూ చదివి వినిపించలేదు. అయినా చీర సగానికి చింపి, పక్కలు కలిపి, మధ్య అరిగిన భాగాన్ని అంచుకి తెచ్చి కుట్టడం ఆవిడకి తెలుసు. నాకు ఆ పని నేర్పింది ఆవిడే.

మా అత్తమ్మ ఈ కట్ట చూసి అల్లిక పేజీల దగ్గర ఆగిపోయింది. ఆవిడ కస్తూరిదేవి బడిలో చదివింది, పొణకా కనకమ్మ గారు పెట్టిన బడి. 1962లో చైనా యుద్ధమప్పుడు జవాన్లకని ఉన్ని స్వెట్టర్లు అల్లించారట. నెల్లూరులో స్వెట్టరు తొడుక్కున్న పాపాన ఎవరూ పోలేదు. మార్గశిరంలో కూడా ఫ్యాను కింద పడుకునే ఊరు. చెమట చేతులకి ఉన్ని అంటుకుంటుంటే సూదులు తిప్పారు. "మెడ పట్టీ దగ్గర నాకెప్పుడూ తప్పు పోయేదమ్మా, ఆ జవాను పాపం మెడ పట్టక ఏం చేశాడో" అంది. అప్పుడు మెళ్లో గొలుసులు తీసి రక్షణ నిధికి ఇచ్చినవాళ్లున్నారు. మూడేళ్లకి ప్రధాని శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. మా మామగారు మానలేదు, అత్తమ్మ మానింది. ఎందుకని అడిగితే, "ఇంట్లో ఒకరు మానితే చాల్లే అనుకున్నాం" అంది. ఆ ఒకరు ఎవరవుతారన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

సరే, కుట్టేవాళ్లకి పనికొస్తాయా అంటే, వస్తాయి, జాగ్రత్తగా వాడితే. ప్యాటర్న్ కవర్లలో మెకాల్స్‌వి ముద్రించిన గీతలతో ఉన్నాయి, సులువు. మిగతావి ఉత్త పల్చటి కాగితం మీద చిల్లులు మాత్రమే. పెద్ద చిల్లు, చిన్న చిల్లు, దేనికేదో కవరు వెనక ఉంటుంది. కవరు చిరిగిందంటే గోవిందా. కాగితం అప్పడంలా విరుగుతుంది కాబట్టి నేరుగా గుడ్డ మీద పెట్టకండి. ముందు బ్రౌన్ పేపరు మీదికి దించుకోండి. ఛాతీ కొలతలు అంగుళాల్లోనే ఉన్నాయి గానీ భుజం మన వాళ్లకి వెడల్పు ఎక్కువవుతుంది, అరంగుళం లోపలికి తీసుకోవాలి. 1940ల భుజం దిండు వేసి కుట్టే పద్ధతి కదా. ఒక కాలర్ మెడని మన పట్టు జాకెట్టుకి మార్చి కుట్టాను, ముగ్గురు అదే కావాలన్నారు. కట్ట డబ్బులు దాంతోనే వచ్చేశాయి.

అంగడాయన ఫోన్‌పే తీసుకుంటాడు, బిల్లు ఇవ్వడు. వెనక్కి తీసుకోడు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. సందులోకి బండి పోదు, బయటే పెట్టుకోండి. కట్ట కొనేటప్పుడు రెండో తాడు విప్పమని గట్టిగా అడగండి, నా పేరు చెప్పినా విప్పడు. ఆ గృహలక్ష్మి సంచికలు ఇంకా అక్కడే ఉన్నాయి. నాలుగొందల కంటే ఎక్కువ పెట్టకండి, పెట్టారో నాకు కూడా రేటు పెంచేస్తాడు.